కార్డు చేతికొచ్చాక ఏమనాలి? వ్యాపార పరిచయాలు, మర్యాదల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ఇరవై ఏళ్లుగా విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు, పెండ్లి పత్రికలు వేస్తున్నాను. కార్డుల డబ్బా తీసుకుని డబ్బులిచ్చాక కూడా కౌంటర్ దగ్గర కాసేపు తచ్చాడి, "అన్నా, ఇది ఇచ్చేటప్పుడు ఏమనాలె?" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరైనా తగులుతారు. కొత్తగా షాపు పెట్టినవాళ్లు, ఇన్సూరెన్స్‌లో చేరినవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో తండ్రి అడ్తి (కమీషన్) దుకాణం అందుకోబోయే కొడుకులు. మనుషులు మారుతారు గానీ సందేహాలు అవే. చెప్పీ చెప్పీ చివరికి రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు, వరసగా చదవాలని లేదు.

## వెళ్లకముందు

నాకు పెద్దవాళ్లెవరూ తెలియదు. పరిచయాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక కాగితం తీసుకోండి. మీకు సరుకు ఇచ్చేవాళ్లు, మీ లెక్కలు చూసే ఆడిటర్, బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసర్, కాలేజీలో మీ బెంచీ మీద కూర్చున్నవాళ్లు. వీళ్ల పేర్లన్నీ రాసి, ఆడిటర్ పేరు కింద గీత గీయండి. ఊళ్లో ఎవరి పని పెరుగుతోందో, ఎవరికి కొత్త గోదాం కావాలో ముందుగా తెలిసేది ఆయనకే. ఒకరి లెక్కలు ఇంకొకరికి చెప్పడు, చెప్పకూడదు కూడా. కానీ "ఫలానా ఆయనను ఒకసారి కలువు" అనగలడు. ఆ ఒక్క మాట చాలు.

తర్వాత జిల్లా పరిశ్రమల కేంద్రం, మీ వ్యాపారానికి ఉన్న అసోసియేషన్, రోటరీ, లయన్స్ లాంటి క్లబ్బులు. విద్యార్థులైతే మీ కాలేజీ టాస్క్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వం నడిపే నైపుణ్య శిక్షణ సంస్థలో, చేరి ఉందేమో ప్లేస్‌మెంట్ సార్‌ను అడగండి. మన ఎన్ఐటీ 1959లో ఆర్ఈసీగా మొదలైంది, కాకతీయ యూనివర్సిటీ 1976లో. అన్నేళ్లుగా అక్కడ చదివి బయటికి వచ్చినవాళ్లు లేని రంగం లేదు. అసోసియేషన్ మీటింగ్‌కు మొదటిసారి పోతే స్టేజీ చుట్టూ తిరగకండి. కుర్చీలు వేయించేవాళ్లు, మైకు చూసుకునేవాళ్లు ఎవరో గమనించి వాళ్లతో ఒక చేయి వేయండి. ఏ సంఘమైనా నిజంగా నడిచేది వాళ్ల మీదే.

ఈ రోజుల్లో కూడా విజిటింగ్ కార్డు కావాలా? నంబర్ సేవ్ చేసుకుంటే సరిపోదా?

కార్డులు అమ్ముకునేవాణ్ని, నన్నడిగితే వద్దంటానా? అయినా ఉన్న మాట చెప్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయేవాళ్లకు అక్కర్లేదు, ఫోన్‌లో లింక్డ్‌ఇన్ క్యూఆర్ చూపిస్తే అయిపోతుంది. వ్యాపారంలో ఉంటే మాత్రం కావాలి. మార్కెట్‌లో, మెడికల్ షాపులో, హార్డ్‌వేర్ దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఒక స్టీలు డబ్బాలోనో, అద్దం కిందనో కార్డులు ఉంటాయి. అవసరం పడ్డ రోజు చేయి పోయేది అక్కడికే. "ప్రింటింగ్ అన్న" అని సేవ్ చేసుకున్న నంబర్లు ఆయన ఫోన్‌లో నాలుగు ఉంటాయి, వాటిలో మీరెవరో ఆయనకే తెలియదు.

కార్డు మీద పేరు, చేసే పని ఒక్క లైనులో, ఒక్క నంబర్, ఏ ఏరియానో ఉంటే చాలు. మామూలు సైజు మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు వేయించుకోండి, అంతకంటే పలచనైతే జేబులో వంగిపోతుంది. మెరిసే లామినేషన్ వద్దు, కనీసం వెనక వైపు ఖాళీగా, పెన్నుతో రాసేట్టుగా ఉంచండి. అవతలి మనిషి దాని వెనక "500 బాక్సులు, సోమవారం" అని రాసుకున్నాడంటే ఆ కార్డు పారేయడు. ఈ మధ్య ఒకాయన రియల్ ఎస్టేట్, ఇన్సూరెన్స్, సీసీ కెమెరాలు, ఈవెంట్లు, సోలార్ అన్నీ ఒకే కార్డులో పెట్టమన్నాడు. వేసిచ్చాను. అన్నీ చేస్తానంటే ఏదీ చేయడని జనం అనుకుంటారు, అది ఆయనకు చెప్పలేకపోయాను. దేవుడి బొమ్మ మీ ఇష్టం. ఒక్కటి చూసుకోండి, చాలామంది పర్సు పెట్టుకునేది వెనక జేబులో.

ముందే ఫోన్ చేసి వెళ్లాలా, నేరుగా వెళ్లిపోవచ్చా?

ఫోన్ చేసే వెళ్లండి. ఏ సమయం అడగాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. మిర్చి సీజన్‌లో ఎనుమాములలో పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, అయ్యేదాకా ఏ అడ్తిదారుడికీ మీ మొహం చూసే తీరిక ఉండదు. కాంటాలు అయి, రైతులకిచ్చే తక్‌పట్టీలు (లెక్క చీటీలు) రాసి, ఆయన ఒక గ్లాసు నీళ్లు తాగే వేళకు పోవాలి. ప్రభుత్వ ఆఫీసర్లను సోమవారం అడగకండి, ఆ రోజు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. డాక్టర్ల దగ్గర ఓపీ టైంలో మీరు ఎంత మర్యాదగా నిలబడ్డా అడ్డమే. ఐటీ కంపెనీలో అయితే మెయిల్‌లో టైం పెట్టించుకుని, ఆ టైంకు పది నిమిషాల ముందు గేటు దగ్గర ఉండాలి, ఎంట్రీ పాస్‌కు ఆ పది నిమిషాలూ పోతాయి.

ఇక సద్దుల బతుకమ్మ ముందు రెండు రోజులు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారం, ఉత్తర తెలంగాణలో ఎవరినీ పని మీద కదిలించకండి. "జాతర అయినంక మాట్లాడుదాం" అంటే ఆయన తప్పించుకుంటున్నాడని కాదు. నిజంగానే జాతరకు పోతున్నాడు.

హైదరాబాద్‌లో మీటింగ్ ఉంది. ఎప్పుడు పోయినా లేటవుతోంది, ఏం చేయాలి?

వరంగల్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు. లేటయ్యేది ఆ 145లో కాదు, ఘట్‌కేసర్ దాటాక. హైటెక్ సిటీ వైపు పనుంటే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కండి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, మధ్యలో మారే పని లేదు. కాజీపేటలో రైలెక్కి పోయేవాళ్లు అందుకోవాల్సిన రైలుకు ముందు రైలు చూసుకోండి.

అయినా ఒక్కోసారి తప్పదు. అప్పుడు "దగ్గర్లనే ఉన్న సార్, ఐదు నిమిషాలు" అనకండి. తెలుగువాళ్లు ఫోన్‌లో ఎక్కువగా ఆడే అబద్ధం ఇదేనని నా అనుమానం. బీబీనగర్‌లో ఉంటే బీబీనగర్‌లో ఉన్నానని చెప్పి, "గంట పడుతుంది, ఆగమంటారా, ఇంకో రోజు రమ్మంటారా?" అని అడగండి. ఆ గంటలో ఆయన ఇంకో పని చూసుకుంటాడు.

ఏం వేసుకోవాలి? సూటు కావాలా?

మే నెలలో వరంగల్‌లో సూటు వేస్తే ఎదుటివాళ్లు మీ మాట వినరు, మీ చెమట చూస్తారు. ఇస్త్రీ చేసిన లేత రంగు చొక్కా, ముదురు ప్యాంటు, ఆడవాళ్లకు కాటన్ చీర గానీ చుడీదార్ గానీ, ఎక్కడైనా నడుస్తుంది. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, సాక్సులు చూసుకోండి. మన దగ్గర బట్టల దుకాణాల్లో, పాత సేట్ల గద్దెల మీద, చాలా క్లినిక్‌లలో చెప్పులు బయటే విడవాలి. ఒకసారి ఒక హోల్‌సేల్ బట్టల సేట్ గద్దె మీద కూర్చుని ఆరు నెలల బిల్లు బుక్కుల ఆర్డర్ మాట్లాడుతూ, ఆ అరగంటా కుడికాలి బొటనవేలిని ఎడమకాలి కింద దాచిపెట్టాను. ఆర్డర్ వచ్చింది. రేటు గట్టిగా మాట్లాడలేకపోయాను.

## ఎదురుపడ్డప్పుడు

షేక్‌హ్యాండ్ ఇవ్వాలా, నమస్తే పెట్టాలా?

ముందు నమస్తే. ఆయన చేయి చాపితే మీరూ చాపండి. ఆడవాళ్లు తామే చేయి చాపితే తప్ప నమస్తే దగ్గరే ఆగండి. పాత బజార్లలో ముస్లిం వ్యాపారులకు "సలాం భాయ్" అంటే ముఖం విప్పారుతుంది.

సార్ అనాలా, అన్నా అనాలా? ఐటీ వాళ్లు పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రావట్లేదు.

వరంగల్‌లో "అన్నా" అన్నది దాదాపు అన్ని తలుపులూ తెరుస్తుంది, అందుకే తొందరపడి వాడేస్తాం. బజారులో, మార్కెట్‌లో, సాటి వ్యాపారులతో మొదటి రోజు నుంచే అన్నా అనొచ్చు. బ్యాంకులో, ఆఫీసులో, ఆస్పత్రిలో, కాలేజీలో మొదట సార్. ఆయనే "సార్ ఏందయ్యా, అన్నా అను" అన్నాక మార్చండి. మార్వాడీ వ్యాపారిని సేట్ అనడం మన బజార్ల అలవాటు, ఇబ్బంది లేదు.

ఆడవాళ్ల విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. షాపు నడిపే ఆవిడను చూడగానే అక్కా అంటారు, పక్కనే కూర్చున్న ఆమె తమ్ముడిని సార్ అంటారు. ఓనర్ ఆమె! మేడమ్ అనండి. రేటు ఆమెనే అడగండి, అడిగేటప్పుడు ఆమె వైపే చూడండి. నా దగ్గర కార్డులు వేయించుకునే ఒక బొటిక్ మేడమ్, తనను వదిలి తన భర్తతో బేరమాడిన ఇద్దరు సప్లయర్లను మానేసింది. కారణం వాళ్లకు ఇప్పటికీ తెలియదు.

ఐటీలో పేరు పెట్టి పిలవడం అక్కడి పద్ధతి. నోరు రాకపోతే మొదటి వారం పేరు లేకుండా "మీరు" అంటూ నడిపించండి, రెండో వారానికి అదే వస్తుంది. వాట్సాప్‌లో తెలుగులో రాసేటప్పుడు మాత్రం పేరు చివర "గారు" పెట్టండి. మాటలో మనం పెద్దగా వాడకపోయినా, రాతలో లేకపోతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నా యాస వింటే తక్కువగా చూస్తారేమో? మార్చుకోవాలా?

యాస మార్చుకోకండి. మార్చుకున్నవాళ్లను కౌంటర్ ఇవతల నుంచి చాలామందిని చూశాను. మొదటి రెండు వాక్యాలు "చేస్తున్నానండీ, వస్తున్నానండీ" అని పోతాయి, మూడో వాక్యంలో కోపమో నవ్వో రాగానే "గట్లెట్ల సార్" అని బయటపడుతుంది. ఆ అతుకు దగ్గరే నమ్మకం జారుతుంది. మొదటి నుంచీ "చేస్తున్న, వస్త సార్" అన్నవాళ్లకు ఆ బాధ లేదు.

ఒక్క చోట జాగ్రత్త పడాలి. మన ఊళ్లలో "నువ్వు" అన్నది ప్రేమగా కూడా వస్తుంది, తాతను కూడా నువ్వనే అంటాం. గుంటూరు నుంచో విజయవాడ నుంచో వచ్చిన పార్టీకి అది అలా వినిపించదు. వాళ్లతో "మీరు" అనండి, మిగతాదంతా మీ మాటలోనే చెప్పండి. ఇంకొకటి, వేగం. మనం తొందరగా మాట్లాడతాం, చివరి అక్షరాలు మింగేస్తాం. రేటు, తేదీ, సంఖ్య చెప్పేటప్పుడు మాత్రం ఆగి, రెండోసారి చెప్పండి. డెబ్బై, తొంభై ఫోన్‌లో కలిసిపోయి నేను నష్టపోయిన సందర్భాలున్నాయి.

నా గురించి చెప్పమంటే తడబడుతున్నాను. నిమిషంలో ఏం చెప్పాలి?

డిగ్రీ ఎక్కడ చదివారో దగ్గర మొదలుపెట్టకండి. ఎవరికి ఏ పని చేస్తారు, ఈ మధ్య ఎవరికి చేశారు, ఇప్పుడు ఎందుకు వచ్చారు. ఇంతే. "నమస్తే సార్. చిన్న ఆస్పత్రులకు ఏసీలు సర్వీసు చేస్తా. నక్కలగుట్టలో మూడు ఆస్పత్రులు నా దగ్గరే ఉన్నయి. మీ ఆపరేషన్ థియేటర్ ఏసీ ఎవరు చూస్తున్నరో కనుక్కుందామని వచ్చిన." ఇది చెప్పడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు. మిగతా నలభై సెకన్లు ఆయన మాట్లాడతాడు, మీకు కావాల్సింది అదే.

"మీది ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

సగం మంది నిజంగా చుట్టరికం వెతకడానికే అడుగుతారు. "మాది పరకాల" అనగానే "మా చెల్లెను ఆడనే ఇచ్చినం" అని కుర్చీ చూపిస్తారు. మిగతా సగం మంది మీ కులం తెలుసుకోవడానికి అడుగుతారు, అది మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఊరి పేరు సంతోషంగా చెప్పండి. ఇంటిపేరు తవ్వుతుంటే "ఇంటిపేరు కార్డు మీదుంది సార్, పని సంగతి ఇది" అని నవ్వుతూ కాగితం ముందు పెట్టండి. మీరు మాత్రం ఎవరినీ ఊరు దాటి అడగకండి.

ఒక పెద్దమనిషి పేరు చెప్పుకుని వెళ్లొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పాడుచేసుకునేదీ ఇదే. వెళ్లొచ్చు, కానీ ఆయనను అడిగి వెళ్లాలి. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిపినా ఇది చిన్న ఊరే. మీరు గేటు దాటేలోపు "నీ పేరు చెప్పి ఒక పిల్లగాడు వచ్చిండు, మనోడేనా?" అని ఫోన్ పోతుంది. ఆయన "ఎవడు?" అన్నాడా, ఒకే రోజు రెండు తలుపులు మూసుకున్నట్టు.

అడిగే పద్ధతి ఇలా ఉండాలి: "సార్, ఫలానా గోదాం ఓనర్‌ను ప్యాకింగ్ పని కోసం కలుద్దామనుకుంటున్న. మీ పేరు చెప్పొచ్చునా? వద్దంటే చెప్పను." చివరి మాట ముఖ్యం, కాదనడానికి ఆయనకు దారి ఉండాలి. ఒప్పుకుంటే కలిసిన రోజు సాయంత్రమే ఆయనకు ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పండి, పని కాకపోయినా సరే. చాలామంది పని అయితే మిఠాయి డబ్బాతో పోతారు, కాకపోతే మాయమవుతారు. ఆయనకేమో రేపు ఏదో పెండ్లిలో ఆ ఓనర్ ఎదురవుతాడు, ఏం జరిగిందో తెలియక తెల్లమొహం వేస్తాడు.

రేటు కూడా ఇందులో భాగమే. ఒకరి పేరు మీద వెళ్లి సరుకు ఆలస్యంగా ఇచ్చినా, బిల్లులో ఎక్కువ వేసినా, ఆ లోటు మీ ఖాతాలో ఒక్కదానిలోనే పడదు. నాకు ఒక లెక్చరర్ సార్ ద్వారా కాలేజీ మ్యాగజీన్ పని వచ్చింది. కాగితం దొరకక వారం ఆలస్యం చేశాను. ప్రిన్సిపల్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సార్‌ను స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు అన్నాడట. సార్ నాకు ఇప్పటికీ నమస్తే పెడతాడు, ఇంకొకరి దగ్గరికి మాత్రం పంపలేదు.

## చాయ్, దావత్, పెండ్లి

చాయ్ వద్దంటే తప్పా?

వద్దనొచ్చు, రెండుసార్లు మాత్రమే. మూడోసారి కూడా తెప్పిస్తే సగమన్నా తాగండి. షుగర్ ఉంటే "చక్కెర లేకుండా" అని మొదటే చెప్పండి. గ్లాసు కాగితాల మీద పెట్టకండి, ప్రింటర్‌గా ఇది నా వేడుకోలు.

దావత్‌కు పిలిచారు. నేను మందు తాగను, ఎట్లా తప్పించుకోవాలి?

అబద్ధపు మందులు, లేని అల్సర్లు చెప్పకండి, వచ్చేసారి గుర్తుండవు. కూర్చోగానే, ఇంకా ఎవరూ పోయకముందే "నేను తాగనన్నా, నాకు థమ్సప్ చెప్పు" అని మీరే వెయిటర్‌ను పిలవండి. చేతిలో నిండు గ్లాసు ఉన్నవాణ్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొదటి రౌండ్ దాటితే గెలిచినట్టే. మాంసం తినని వాళ్లు కూడా వారం, వ్రతం పేరు చెప్పకుండా ముందే పిలిచినాయనకు ఫోన్‌లో చెప్పేస్తే ఒక పప్పు కూర పక్కన పెట్టిస్తాడు.

తాగేవాళ్లకు ఒకే మాట. మూడో గ్లాసు తర్వాత రేట్లు మాట్లాడకండి. అక్కడ ఒప్పుకున్నది పొద్దున మీకు గుర్తుండకపోయినా, ఆయనకు గుర్తుంటుంది.

పెండ్లిలో కలిసినప్పుడు వ్యాపారం మాట్లాడొచ్చా?

కార్డు ఇవ్వొచ్చు, రేటు చెప్పకూడదు. ఆయన బగారా అన్నం ప్లేటు ఒక చేత్తో, మనవడిని ఇంకో చేత్తో పట్టుకుని ఉంటాడు. "వచ్చే వారం ఒకసారి షాపుకు వస్త సార్" అని జరిగిపోండి. పెండ్లివారిని పలకరించకుండా, కట్నం చదివించకుండా, ఫంక్షన్ హాల్లో కార్డులు పంచుతూ తిరిగే ఒక ఏజెంట్ మా ఏరియాలో ఉన్నాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయనకు అదే నష్టం.

హోటల్లో బిల్లు ఎవరు కట్టాలి?

పిలిచినవాళ్లు. వయసు, హోదా ఏమైనా అంతే. చేతులు కడుక్కునే వంకతో లేచి కౌంటర్ దగ్గర కట్టేయండి, టేబుల్ మీద లాగులాట ఉండదు.

బయటి రాష్ట్రం నుంచి పార్టీ వస్తోంది. గిఫ్ట్ ఏమిస్తే బాగుంటుంది?

మిఠాయి డబ్బా ఎక్కడైనా దొరుకుతుంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా, అదే దర్రీ, ఇవ్వండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (ఆ ప్రాంతపు సరుకన్న) గుర్తింపు వచ్చింది, చిన్న సైజువి బ్యాగులో పడతాయి. రోడ్డు మీద వస్తుంటే పెంబర్తి ఇత్తడి వస్తువు, కరీంనగర్ వైపు పనుంటే వెండి ఫిలిగ్రీ. ఫిలిగ్రీ ఖరీదు, దగ్గరి పార్టీకే. మసాలాల వ్యాపారి అయితే చపాట మిర్చి ఒక కిలో కట్టివ్వండి. దానికి 2025లో జీఐ వచ్చింది. రంగు ఎక్కువ, కారం తక్కువ, అరగంట కబుర్లకు సరిపడా విషయం. పెద్ద కంపెనీ వాళ్లకు గిఫ్టుల మీద నిబంధనలుంటాయి, ముందే అడగండి. ప్రభుత్వ ఆఫీసర్‌కు ఏమీ పట్టుకుపోకండి, కాగితాలు సక్రమంగా పట్టుకుపోండి.

## ఫోన్‌లో, వాట్సాప్‌లో

కలిసి వచ్చాక వాట్సాప్‌లో ఏం పంపాలి?

మర్నాడు పొద్దున పది దాటాక ఒక్క మెసేజ్. ఉదాహరణకు: "నమస్తే సార్. నిన్న సాయంత్రం కాజీపేట గోదాం దగ్గర ప్యాకింగ్ డబ్బాల గురించి మాట్లాడాను. మీరడిగిన మూడు సైజుల రేట్లు కింద పెట్టాను. శుక్రవారం పొద్దున ఒకసారి ఫోన్ చేస్తాను." ఎక్కడ కలిశారో రాయడం మరవకండి, ఆయన ఆ రోజు ఇరవై మందిని చూసి ఉంటాడు. శుక్రవారం అన్నారు కదా, శుక్రవారం చేయండి. గులాబీ పువ్వుల గుడ్ మార్నింగ్‌లు, రాజకీయ వీడియోలు ఒక్కటి కూడా వద్దు. ఆయనను అడగకుండా మీ ఆఫర్ల గ్రూపులో చేర్చడం ఇంట్లోకి చెప్పులతో వచ్చినంత పని. వాయిస్ మెసేజ్ కూడా మొదటి పరిచయంలో వద్దు, దుకాణంలో పది మంది ముందు స్పీకర్‌లో మోగుతుంది.

లింక్డ్‌ఇన్‌లో తెలియని సీనియర్‌కు ఏమని రాయాలి? జవాబే రావట్లేదు.

"ప్లీజ్ రెఫర్ మీ సార్" అని రాస్తే జవాబు రాదు, అలాంటివి ఆయనకు రోజూ వస్తాయి. జవాబు ఇవ్వడానికి వీలైన చిన్న ప్రశ్న అడగండి. "కాకతీయ యూనివర్సిటీలో ఎంసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మీరు టెస్టింగ్ నుంచి డేటా వైపు మారినట్టు ప్రొఫైల్‌లో చూశాను. మొదటి ఆరు నెలలు ఏం నేర్చుకున్నారో రెండు లైన్లలో చెప్పగలరా?" ఇంగ్లీషులో రాసినా విషయం ఇదే. జవాబు వస్తే, ఆయన చెప్పింది చేసి నెల తర్వాత చేశానని రాయండి. ఉద్యోగం మాట ఆ తర్వాత.

ఎన్నిసార్లు ఫోన్ చేయొచ్చు? విసిగిస్తున్నానేమో అనిపిస్తుంది.

మూడు. వారం గ్యాప్‌తో రెండు, ఆ తర్వాత ఒక నెల ఆగి ఇంకొకటి. ప్రతిసారీ చేతిలో కొత్త కబురు ఉండాలి, రేటు తగ్గిందనో, నమూనా తయారైందనో. "ఏమైంది సార్?" అన్నది కబురు కాదు. "చూద్దాం" అని ఆయన రెండుసార్లు అన్నాడంటే మన భాషలో అది కాదనడమే.

## పని మొదలయ్యాక

రావాల్సిన డబ్బు అడిగితే సంబంధం చెడుతుందా?

అడగకపోతే చెడుతుంది. అడగని బాకీ మనసులో పెరిగి, ఒక రోజు వేరే మాట మీద బయటపడుతుంది. ఉద్దెర ఇచ్చే రోజే తేదీ మాట్లాడుకుని బిల్లు మీద రాయండి. ఆ తేదీకి మూడు రోజుల ముందు బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. తేదీ దాటితే మనిషిని పంపకుండా మీరే పోండి, కస్టమర్లు లేని వేళ చూసుకుని పోండి. నలుగురిలో అడిగితే ఆ డబ్బు వస్తుంది, ఆ మనిషి రాడు.

మీరు తయారీ లేదా సర్వీసు చేసే చిన్న యూనిట్ అయి, పని చేయకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే చట్టం మీ వైపు ఉంది. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు, ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు కింద ఉద్యమ్ నంబర్ అచ్చు వేయించండి. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు దాన్ని చూస్తారు. ఫిర్యాదు దాకా పోయే అవసరం నాకు రాలేదు, నంబర్ మాత్రం బిల్లు బుక్కులో ఉంది.

పొరపాటు చేశాను. ఆ మనిషికి మొహం ఎలా చూపించాలి?

ఆయనకు ఇంకొకరి ద్వారా తెలిసేలోపు మీరే చెప్పండి. నా సంగతి చెప్తాను. ఒక పురుగుమందుల డీలర్‌కు వెయ్యి కార్డులు వేశాను. ఫోన్ నంబర్‌లో 6 ఉండాల్సిన చోట 9 పడింది. ఆయన ఒక రైతు మీటింగ్‌లో నలభై పంచాక గానీ తెలియలేదు, ఫోన్లన్నీ ఎవరో టీచర్‌కు పోతున్నాయి. ఆయన కోపంగా ఫోన్ చేస్తే నా నోట్లోంచి మొదట వచ్చిన మాట: "ప్రూఫ్ మీరే చూసిన్రు గదా సార్." నిజమే, సంతకం కూడా ఉంది. అంతకంటే పనికిరాని మాట లేదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినపడ్డాక, తప్పుగా వేసింది ఎవరో నాకు అర్థమైంది.

సాయంత్రం కొత్త వెయ్యి కార్డులతో దుకాణానికి పోయాను. "తప్పు నాది, డబ్బులొద్దు" అన్నాను. మీటింగ్‌కు వచ్చిన రైతుల రిజిస్టర్ అడిగి తీసుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని దొరికినంత మందికి ఫోన్ చేసి సరైన నంబర్ చెప్పాను. ఆ టీచర్‌కు కూడా చేశాను, పాపం మూడు రోజులుగా గులాబీ రంగు పురుగుకు మందు చెప్పలేక సతమతమవుతున్నాడు. అప్పటి నుంచి ఎవరొచ్చినా ప్రూఫ్ మీది నంబర్‌కు నా ఎదురుగానే డయల్ చేయిస్తాను. వాళ్ల జేబులో ఫోన్ మోగితేనే మిషన్ ఎక్కిస్తాను.

ఏడాదంతా పని ఉండదు. పరిచయం చల్లారిపోకుండా ఏం చేయాలి?

దసరా ఉంది కదా. మన దగ్గర ఆ సాయంత్రం జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటాం, ఆ ఆకునే బంగారం అంటాం. ఆ రోజు ఎవరి ఇంటికి పోయినా పని మీద వచ్చారని అనుకోరు. ఏడాదిలో పని ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు, మాట తేడా వచ్చినవాళ్లు, మీ పేరు ఇంకొకరికి చెప్పినవాళ్లు అందరూ ఆ పూట ఇంటిపట్టునే ఉంటారు. ఒక పది మందిని రాసుకుని బయలుదేరండి. పెద్దవాళ్లయితే చేతిలో ఆకు పెట్టి కాళ్లకు మొక్కండి, సాటివాళ్లయితే కౌగిలించుకోండి. వ్యాపారం మాట ఎత్తకండి. నేను ఆకు జేబు నిండా వేసుకుని మొదట పోయేది ఆ లెక్చరర్ సార్ ఇంటికే. పోయిన దసరాకు చాయ్ ఇచ్చి, "ఇప్పుడు కాగితం దొరుకుతున్నదా?" అని అడిగాడు.